పరామర్శకు వెళ్తూ పట్టుకెళ్లకూడని సలహాలు

ఇంట్లో ఒకరికి క్యాన్సర్ అని తేలిన వారం లోపే ఆ ఇంటికి పండ్ల సంచులతో పాటు సలహాలూ చేరతాయి. పెదనాన్నగారి అల్లుడు ఒకటి చెబుతాడు, పక్క వాటా ఆవిడ ఇంకొకటి చెబుతుంది, అమెరికాలో ఉన్న మేనల్లుడు వాట్సాప్‌లో వీడియో పంపుతాడు. ఎవరికీ చెడు ఉద్దేశం ఉండదు. ఏదో ఒకటి చేయాలన్న ఆరాటమే అందరిదీ. కానీ ఆ సలహాల్లో కొన్ని రోగిని ఆసుపత్రికి నెల ఆలస్యంగా పంపుతాయి, కొన్ని అసలు వెళ్లనివ్వవు. ఈ జబ్బులో ఆ నెలకు ఉన్న విలువ చాలా మందికి తెలియదు. అందుకే పదే పదే వినబడే తప్పుడు సలహాలను ఇక్కడ పోగు చేశాను. ఒక్కోటి ఎందుకు తప్పో చెప్పాలంటే అసలు ఈ జబ్బు ఎలా పుడుతుందో కూడా చెప్పాలి.

"ఏ జన్మలో ఏం పాపం చేసుకుందో"

ఈ మాట రోగికి వినబడకూడదనే అంటారు. కానీ వినబడుతుంది. దీనికి చదువుకున్నవాళ్ల రూపం కూడా ఒకటుంది: "నువ్వు అన్నిటికీ టెన్షన్ పడతావు కదా, అందుకే వచ్చింది." మొదటి మాట పాపాన్ని, రెండోది స్వభావాన్ని కారణంగా చూపిస్తాయి. రెండూ నేరం మోపేది మంచం మీద ఉన్న మనిషి మీదే. మనోవ్యథ వల్ల క్యాన్సర్ పుడుతుందనడానికి గట్టి రుజువు లేదు.

మన ఒంట్లో దాదాపు 30 లక్షల కోట్ల కణాలున్నాయి. చర్మంలో, పేగు లోపలి పొరలో, ఎముక మూలుగలో పాతవి పోతూ కొత్తవి వస్తూనే ఉంటాయి. కొత్త కణం రావాలంటే ఉన్న కణం రెండుగా చీలాలి. చీలే ముందు తనలోని జన్యు సమాచారానికంతటికీ మరో ప్రతి రాసుకోవాలి. ఆ పాఠంలో సుమారు 300 కోట్ల అక్షరాలుంటాయి. తాటాకు గ్రంథానికి ప్రతి రాసే లేఖకుడి చేతిలో ఎక్కడో ఒక అక్షరం తప్పిపోయినట్టే ఇక్కడా తప్పులు దొర్లుతాయి. వాటిని పట్టుకుని దిద్దే ఏర్పాటు కణంలోనే ఉంది. దిద్దలేనంత పాడైతే ఆ కణం తనను తానే చంపుకునేలా చూసే జన్యువులూ ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనది టీపీ53. ఇది మనకు ఒక జత ఉంటే ఏనుగుకు దాదాపు ఇరవై జతలున్నాయి. అంత పెద్ద ఒళ్లు, అన్ని కణాలు ఉన్నా ఏనుగుకు క్యాన్సర్ అరుదుగా రావడానికి అదొక కారణమని శాస్త్రజ్ఞులు అనుకుంటున్నారు.

ఒక్క తప్పుతో క్యాన్సర్ పుట్టదు. పెరగమని చెప్పే జన్యువు ఆగకుండా పనిచేయాలి, ఆగమని చెప్పేది పాడవ్వాలి, దిద్దుబాటు దెబ్బతినాలి. ఇవన్నీ ఒకే కణంలో, దాని వారసుల్లో ఒకదాని మీద ఒకటి పేరుకోవాలి. అందుకు ఏళ్లు పడుతుంది. వయసుతో పాటు క్యాన్సర్ పెరగడానికి మొదటి కారణం ఇదే. పొగాకు, మద్యం, ఆస్‌బెస్టాస్, కొన్ని వైరస్‌లు ఈ తప్పుల వేగం పెంచుతాయి. కొన్ని తప్పులకు మాత్రం ఎవరూ బాధ్యులు కారు, అవి ప్రతి రాయడంలోనే దొర్లినవి. తల్లిదండ్రుల నుంచి సంక్రమించిన జన్యులోపం వల్ల వచ్చే క్యాన్సర్లు నూటికి 5 నుంచి 10 మాత్రమే. కాబట్టి "ఏ అలవాటూ లేని మనిషి, ఈయనకెందుకు వచ్చింది?" అని అడిగినప్పుడు, చాలాసార్లు నిజమైన జవాబు "ఎవరి తప్పూ కాదు" అన్నదే. వీలైతే ఆ మాటే పైకి అనండి. రోగికి అది చాలా అవసరం.

ఇంకో సంగతి. రొమ్ములో వచ్చినదానికీ, రక్తంలో వచ్చినదానికీ, అంగిట్లో వచ్చినదానికీ పేరు ఒకటే గానీ అవి పుట్టిన దారులు వేరు, వాటికి వాడే మందులు వేరు. అన్ని క్యాన్సర్లకూ ఒకే కారణమని గానీ, ఒకే మందని గానీ ఎవరైనా చెబితే, మిగతాది వినకుండా లేచి రావచ్చు.

"మా నాయనమ్మ తొంభై ఏళ్ల దాకా చుట్ట తాగింది, ఏమైంది?"

శ్రీకాకుళం నుంచి విశాఖ దాకా తీరం వెంబడి పల్లెల్లో అడ్డపొగ అలవాటు తరాలుగా ఉంది. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీల్చడం. తాగేవాళ్లలో ఎక్కువ మంది ఆడవాళ్లు. ఎందుకలా అంటే రకరకాల కారణాలు చెబుతారు: గాలికి ఆరిపోదు, చుట్ట ఎక్కువసేపు వస్తుంది, చంకలో పిల్ల మీద నిప్పు రాలదు, పెద్దవాళ్లకు కనబడదు. కూతుళ్లు తల్లుల దగ్గర, కోడళ్లు అత్తల దగ్గర నేర్చుకున్నారు.

ఆ నిప్పు వేడీ, పొగా రెండూ తగిలేది అంగిటికి. ప్రపంచంలో మిగతాచోట్ల గట్టి అంగిట్లో క్యాన్సర్ అరుదు. మన తీరంలో మాత్రం అలా కాదు. డెన్మార్క్ వైద్యుడు పిండ్‌బోర్గ్, బొంబాయిలోని టాటా సంస్థ పరిశోధకులు కలిసి శ్రీకాకుళం జిల్లాలో పది వేల మందికి పైగా పల్లెవాసుల నోళ్లు పరీక్షించి, 1971లో ఫలితాలు ప్రచురించారు. అడ్డపొగ తాగేవాళ్ల అంగిళ్ల మీద తెల్లబారిన మచ్చలు, ఎర్రటి ఒరుపులు, పుండ్లు, వాటిలో కొన్ని క్యాన్సర్‌గా మారినవీ కనిపించాయి. వైద్య పాఠ్యపుస్తకాల్లో అంగిలి క్యాన్సర్ పేజీలో ఈనాటికీ మన జిల్లా పేరు కనబడుతుందంటే నాకు బాధగా ఉంటుంది.

మరి తొంభై ఏళ్లు బతికిన నాయనమ్మ సంగతి? ఆవిడ నిజమే. చుట్ట తాగిన ప్రతి ఒక్కరికీ క్యాన్సర్ వస్తుందని ఏ వైద్యుడూ అనలేదు. తాగనివాళ్ల కంటే తాగేవాళ్లలో చాలా ఎక్కువ మందికి వస్తుంది, అంతే. ఎవరిలో ఆ తప్పులన్నీ ఒకే కణంలో పేరుకుంటాయో ముందుగా చెప్పలేం. యాభై ఐదేళ్లకు నోట్లో పుండు పడి పోయిన ఆవిడ తోటికోడళ్ల కథ చెప్పడానికి ఎవరూ మిగల్లేదు. నాయనమ్మ మిగిలింది కాబట్టి ఆవిడ కథే మనకు తెలుసు. పైగా పదిహేనో ఏట మొదలైన చుట్టకు పుండు రూపంలో ఫలితం కనబడేసరికి ముప్పై నలభై ఏళ్లు గడుస్తాయి. మధ్యలో ఎన్నేళ్లు చూసినా "ఏమీ కాలేదు" అనే అనిపిస్తుంది.

మంచి సలహాకు విలువ లేదనుకోకండి. కేరళలోని ఎర్నాకుళం, గుజరాత్‌లోని భావ్‌నగర్, మన శ్రీకాకుళం, ఈ మూడు జిల్లాల్లో కలిపి 36 వేల మంది పొగాకు వాడకందార్లను ఎంచుకుని, ఇంటింటికీ వెళ్లి నోరు చూసి, మానమని ఓపికగా చెబుతూ వచ్చారు. ఆ ఫలితాలు 1986లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. అలా చెప్పినచోట మానేసినవాళ్లు పెరిగారు. ఒక మనిషి ఇంకో మనిషి ఎదురుగా కూర్చుని ప్రేమగా చెప్పిన మాటకు అంత బలం ఉంది. కాబట్టి మీ అత్తగారు యాభై ఏళ్లుగా తాగుతున్నా సరే, "ఇప్పుడు మానేసి ఏం లాభం" అనకండి. ఏ వయసులో మానినా ప్రమాదం తగ్గుతుంది.

"పొగాకు లేదుగా, ఉత్త వక్కే" అనేది దీని చెల్లెలు సలహా. పొగాకు కలపని వక్క కూడా మనిషికి క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో ప్రకటించింది. వక్కపొడి పొట్లాలు నమిలే కుర్రవాళ్లకు నోరు క్రమంగా తెరుచుకోకుండా బిగుసుకుపోతుంది. మూడు వేళ్లు నిలువుగా పెట్టుకుని నోట్లోకి పోతాయా అని చూసుకోమనండి. పోకపోతే ఆ వారమే దంతవైద్యుడికి చూపించాలి.

"ముక్క తీయించకండి, కత్తి తగిలితే పాకిపోతుంది"

నా దృష్టిలో అన్నిటికన్నా ఎక్కువ హాని చేసే సలహా ఇది. ఇది పుట్టిన తీరు అర్థం చేసుకోదగినదే. పూర్వం మనవాళ్లు రాచపుండు ముదిరిపోయాకే ఆసుపత్రికి వెళ్లేవారు. అక్కడ పరీక్షకు ముక్క (బయాప్సీ) తీసేవారు. తర్వాత రెండు నెలలకు మనిషి పోయేవారు. చూసినవాళ్లకు కత్తి తర్వాతే చావు వచ్చినట్టు కనబడింది. కత్తికి ముందే అది కాలేయానికో ఎముకలకో చేరిపోయిందన్నది పైకి కనబడలేదు.

క్యాన్సర్ కణం చోటు మారాలంటే గడ్డ నుంచి విడిపోవాలి, రక్తనాళంలోకో లింఫు నాళంలోకో దూరాలి, ఆ ప్రవాహంలో చావకుండా ఉండాలి, కొత్తచోట అతుక్కుని, తనకు కావలసిన రక్తనాళాలు మొలిపించుకోవాలి. ఆ శక్తి దానికి జన్యుమార్పుల వల్ల వస్తుంది. సూది గుచ్చినంత మాత్రాన రాదు. సూది దారిలో కణాలు చేరే ప్రమాదం కొన్ని గడ్డల్లో స్వల్పంగా ఉంది, అది వైద్యులకు తెలుసు. వృషణంలో గడ్డ ఉంటే సూది వేయకుండా నేరుగా శస్త్రచికిత్సకు వెళ్లడం అందుకే. ఎముక గడ్డకు సూది ఏ వైపు నుంచి వేయాలో ఆపరేషన్ చేయబోయే సర్జనే నిర్ణయించడమూ అందుకే. ఆ జాగ్రత్త వాళ్లకు వదిలేయండి. ముక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూడకుండా అది ఏ రకమో, ఏ మందుకు లొంగుతుందో చెప్పడం కుదరదు. ముక్క వద్దన్నవాళ్లు నిజానికి వైద్యమే వద్దంటున్నారు.

"లక్ష్మణఫలం తినండి, కీమో కంటే వెయ్యి రెట్లు"

ఈ మాట ఎన్ని ఫోన్లు తిరిగిందో లెక్క లేదు. పండ్ల దుకాణాల్లో బోర్డులు కూడా పెట్టారు. లక్ష్మణఫలం సారం గాజు పళ్లెంలో పెంచిన క్యాన్సర్ కణాలను చంపిన మాట నిజమే. గాజు పళ్లెంలో పోస్తే బ్లీచింగ్ ద్రావణం కూడా చంపుతుంది. అసలు పరీక్ష అది కాదు. మనిషి ఒంట్లోకి వెళ్లి, మంచి కణాలను వదిలి, గడ్డను చేరి పనిచేయాలి. లక్ష్మణఫలం మనుషుల్లో ఆ పరీక్ష నెగ్గలేదు. పైగా కరీబియన్ దీవి గ్వాడలూప్‌లో ఈ పండూ, దీని ఆకుల కషాయమూ విపరీతంగా వాడేవాళ్లలో పార్కిన్సన్స్‌ను పోలిన నరాల జబ్బు ఎక్కువగా ఉందని 1999లో వైద్యులు గుర్తించారు. దీనిలోని అనోనాసిన్ అనే పదార్థం నరాల కణాలను దెబ్బతీస్తుంది. ఎప్పుడో ఒక పండు తింటే ఏమీ కాదు. మందు అనుకుని నెలల తరబడి ఆకులు కాచి తాగడం వేరు.

"చెట్టు మందులంటే డాక్టర్లకు చిన్నచూపు" అని కొందరు వాదిస్తారు. ఆ మాట అన్యాయం. మన పెరళ్లలో పూసే బిళ్లగన్నేరు నుంచి తీసిన విన్‌క్రిస్టీన్‌ను పిల్లల రక్త క్యాన్సర్‌కి అరవై ఏళ్లుగా వాడుతున్నారు. ఆకుల్లో అది అతి తక్కువగా ఉంటుంది. దాన్ని వేరుచేసి, శుద్ధి చేసి, ఒంటి కొలతను బట్టి మిల్లీగ్రాముల్లో లెక్కగట్టి రక్తనాళంలోకి ఎక్కిస్తారు. మోతాదు కొంచెం మించితే నరాలు దెబ్బతింటాయి. అందుకే బిళ్లగన్నేరు ఆకు నూరి మింగమని చెప్పేవాళ్ల మాట ఎంతమాత్రం వినకూడదు. ఆ మొక్కలో మందు ఉంది కాబట్టే, అది ఉత్త చేత్తో వాడదగినది కాదు.

ఆసుపత్రి వైద్యం పూర్తిగా మానేసి ప్రత్యామ్నాయాలనే నమ్ముకున్న రోగుల వివరాలను యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పరిశీలించి 2018లో ప్రచురించారు. వాళ్లలో మరణాల ముప్పు రెండున్నర రెట్లు ఎక్కువ. రొమ్ము క్యాన్సర్‌లో అయితే ఐదు రెట్లకు పైనే. తొలి దశలో ఆపరేషన్‌తో నయమయ్యే జబ్బు చేజారిపోవడమంటే ఇదే.

"ఒంట్లో బలం లేక వచ్చింది, విటమిన్ మాత్రలు దట్టించండి"

ఈ సలహాకు జవాబు మన భీమవరంలో పుట్టిన మనిషి పనిలోనే ఉంది. ఎల్లాప్రగడ సుబ్బారావు 1895లో అక్కడ పుట్టి, అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో పనిచేశారు. ఫోలిక్ ఆమ్లాన్ని పెద్ద ఎత్తున తయారు చేయడం ఆయన బృందం సాధించిన పని. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్త క్యాన్సర్ పిల్లలకు ఫోలిక్ ఆమ్ల సంబంధ పదార్థాలు ఇచ్చి చూశారు. జబ్బు తగ్గకపోగా జోరు పెరిగినట్టు ఆయనకు అనిపించింది. చీలే ప్రతి కణానికీ జన్యువుల ప్రతి రాసుకోవడానికి ఫోలిక్ ఆమ్లం కావాలి. క్యాన్సర్ కణానికి ఇంకా ఎక్కువ కావాలి. అప్పుడు ఫార్బర్ తిరగేసి ఆలోచించారు. ఫోలిక్ ఆమ్లంలాగే కనిపించి, దాని పనిని అడ్డుకునే అమినాప్టెరిన్‌ను సుబ్బారావు బృందం తయారు చేసి ఇచ్చింది. 1948లో ఫార్బర్ ప్రకటించిన ఫలితాల్లో, చావుకు సిద్ధంగా ఉన్న పిల్లల్లో కొందరికి జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గింది. పిల్లల రక్త క్యాన్సర్ మందుకు లొంగడం వైద్య లోకానికి కొత్త. అదే వరసలో వచ్చిన మెథోట్రెక్సేట్‌ను ఇప్పటికీ వాడుతున్నారు. సుబ్బారావు ఆ 1948లోనే చనిపోయారు. పిల్లలకు వచ్చే ఈ రక్త క్యాన్సర్ ఇప్పుడు, మంచి వైద్యం పూర్తిగా అందితే, ఎక్కువ మందిలో నయమవుతుంది.

ఫిన్లాండ్‌లో 29 వేల మంది పొగతాగే మగవాళ్ల మీద చేసిన ప్రయోగం కూడా గుర్తుంచుకోవాలి. ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గుతుందన్న ఆశతో బీటా కెరోటిన్ మాత్రలు ఇచ్చారు. 1994లో ఫలితాలు చూస్తే, మాత్రలు వేసుకున్నవాళ్లలో ఆ క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా వచ్చింది. క్యారెట్ తినండి, ఆకుకూరలు తినండి, మంచిదే. మాత్రలు మాత్రం డాక్టరుగారికి చూపించకుండా రోగి చేతిలో పెట్టకండి.

"పంచదార మాన్పిస్తే గడ్డ ఎండిపోతుంది" అనేదీ ఈ కోవలోదే. ఒంట్లో ప్రతి కణం గ్లూకోజు వాడుతుంది, క్యాన్సర్ కణం ఎక్కువ వాడుతుంది. అన్నం, పండు అన్నీ మాన్పించినా కాలేయం గ్లూకోజు తయారు చేస్తూనే ఉంటుంది. ఎండిపోయేది గడ్డ కాదు, మనిషి. కీమో తట్టుకోవాలంటే బరువు నిలవాలి. నోటికి రుచించింది పెట్టండి.

"గ్లాసు, కంచం వేరుగా పెట్టండి"

క్యాన్సర్ అంటుకోదు. పక్కన పడుకున్నా, ఎంగిలి తిన్నా, మనవడిని ఎత్తుకున్నా అంటుకోదు. జబ్బు కంటే ఈ వేరు కంచం ఎక్కువ ఏడిపించిన ఇళ్లు ఉన్నాయి.

అయితే కొన్ని క్యాన్సర్లకు దారి తీసే వైరస్‌లు అంటుకుంటాయి. ఆ దారిని టీకాతో మూసేయొచ్చు. హెపటైటిస్ బి కాలేయ క్యాన్సర్ తెస్తుంది. దాని టీకాను 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ తక్కువ ధరకు తెచ్చింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లు దాదాపు అన్నీ పాపిలోమా వైరస్ వల్లే. ఆ సంగతి కనిపెట్టిన హెరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ వచ్చింది.

"ఆ టీకా వద్దు, పిల్లలు చచ్చిపోయారు" అనే మాట మన దగ్గర బలంగా ఉంది. దాన్ని కొట్టిపారేయడం సరికాదు. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో వేలాది ఆడపిల్లలకు ఈ పాపిలోమా వైరస్ టీకా వేశారు. వాళ్లలో గిరిజన వసతి గృహాల పిల్లలు చాలా మంది. తల్లిదండ్రులకు చెప్పకుండా వార్డెన్లే సంతకాలు పెట్టిన చోట్లు ఉన్నాయి. కొందరు పిల్లల మరణవార్తలు రావడంతో 2010లో ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. కానీ అనుమతి తీసుకున్న తీరును పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో గట్టిగా తప్పుపట్టింది. తల్లిని అడగకుండా బిడ్డకు సూది వేస్తే ఆ తల్లి ఇంకెప్పుడూ నమ్మదు. ఆవిడ కోపం న్యాయమైనదే. అయినా టీకా పని చేస్తుంది. స్వీడన్‌లో పదిహేడేళ్ల లోపు ఇది వేయించుకున్న ఆడపిల్లల్లో ఆ క్యాన్సర్ 88 శాతం తగ్గిందని 2020లో తేలింది. తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల లోపు వేయించడం మేలు. అన్నీ విని, అడగాల్సినవి అడిగి, వేయించండి. ముప్పై దాటిన ఆడవాళ్లకు ముఖద్వార పరీక్ష కూడా చేయించండి.

"ఆయనకు చెప్పకండి, తట్టుకోలేరు"

చాలా ఇళ్లలో రోగికి తప్ప అందరికీ తెలుస్తుంది. కరెంటు (రేడియేషన్) పెట్టించుకునే గది బయట అందరూ ఇది క్యాన్సర్ వార్డు అని మాట్లాడుకుంటుంటే ఆయనకు తెలియదని ఎలా అనుకుంటాం? తన ఒంటి గురించి తాను అడగలేక, మనల్ని బాధపెట్టడం ఇష్టం లేక ఆయన కూడా నటిస్తారు. ఆస్తి కాగితాలు, కూతురి పెళ్లి, చివరిగా చూడాలనుకున్న మనిషి, అన్నీ ఆ నటనలో ఆగిపోతాయి. ఎంత తెలుసుకోవాలనుకుంటున్నారో ఆయన్నే అడగండి, అంతవరకే చెప్పండి.

"నొప్పి లేదు కదా, చూద్దాంలే"

తొలి దశ క్యాన్సర్ చాలాసార్లు నొప్పి పెట్టదు. రొమ్ములో నొప్పి లేని గడ్డ, మూడు వారాలైనా మానని నోటి పుండు, ముట్లు ఆగిపోయాక మళ్లీ కనబడ్డ రక్తం, మలంలో రక్తం, తగ్గని బొంగురు గొంతు, కారణం లేకుండా తగ్గుతున్న బరువు, వీటిలో ఏది ఉన్నా పండగ అయ్యాకో, కోతలు అయ్యాకో అని వాయిదా వేయనివ్వకండి. చూపించినవాళ్లలో ఎక్కువ మందికి అది క్యాన్సర్ కాదని తేలుతుంది. ఆ మాట వినడానికైనా వెళ్లాలి.

మరి పరామర్శకు ఏం పట్టుకెళ్లాలి అంటారా? ఆరోగ్యశ్రీ కార్డు వర్తిస్తుందో లేదో కనుక్కుని వెళ్లండి. హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే లాంటి ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రికి ఎవరు తోడు వెళ్తారని అడగండి, వీలైతే మీరే వెళ్లండి. ఓపీ చీటీ కోసం తెల్లవారుజామున వరసలో నిలబడడానికి ఒక మనిషి దొరికితే ఆ ఇంటికి పెద్ద సాయం. ముక్క రిపోర్టు, స్కానింగు ఫిల్ములు, మందుల చీటీలు తేదీల వారీగా ఒక ఫైల్లో పెట్టి ఇవ్వండి. డాక్టరుగారిని అడగాల్సిన ప్రశ్నలు రోగి చేతే కాగితం మీద రాయించండి. కీమో నడుస్తుంటే ఒంట్లో తెల్లకణాలు తగ్గి ఉంటాయి, చిన్న జ్వరం కూడా ప్రమాదం. మీకు జలుబో దగ్గో ఉంటే ఆ వారం వెళ్లకండి, ఫోన్ చేసి మాట్లాడండి.